నివురు కింద నిప్పు

అది ఒక చిన్న టౌను. పేరు ఏదైనా కావచ్చు. బస్టాండు ఉంది. రైల్వే గేటు ఉంది. బజారు వీధి ఉంది. కాలవ గట్టున ఒక పేట ఉంది. పేటలో ఇరవై రెండు ఇళ్లు. కొన్ని రేకుల ఇళ్లు, ఎక్కువ తాటాకు ఇళ్లు. ఒక ఇంటి చూరు ఇంకో ఇంటి చూరుకు తగులుతూ ఉంటుంది.

మే నెల. మిట్టమధ్యాహ్నం. పడమటి నుంచి వడగాలి కొడుతోంది. మగవాళ్లు పనులకు పోయారు. ఆడవాళ్లలో సగం మంది కూలికి పోయారు. ఇళ్ల దగ్గర ముసలివాళ్లు, పిల్లలు ఉన్నారు.

ఉన్నట్టుండి చిటపటమని చప్పుడు. పడమటి కొసన ఉన్న మామ్మ ఇంటి కప్పు మీద పొగ. "మంట! మంట!" అని పిల్లలు అరిచారు. అందరూ బిందెలు పట్టుకుని బోరింగు దగ్గరికి పరుగెత్తారు. బోరింగు కొట్టి ఒక బిందె నింపేలోపు రెండో ఇల్లు అంటుకుంది. ఆ బిందె తెచ్చి పోసేలోపు నాలుగో ఇల్లు అంటుకుంది. గాలి ఎటు తోస్తే మంట అటు పోయింది.

ఫైరింజను వచ్చింది. కానీ సందులోకి రాలేకపోయింది. సందులో ఒక పక్క కట్టెల మోపులు. ఇంకో పక్క ఆగి ఉన్న ఆటో. ఫైరు వాళ్లు రోడ్డు మీదే బండి ఆపి, పైపులు లాక్కుంటూ వచ్చారు. అప్పటికి పదకొండు ఇళ్లు పోయాయి.

మనుషులు దక్కారు. రెండు మేకలు పోయాయి. ఒక కుట్టుమిషను పోయింది. రేషను కార్డులు, ఇంటి పట్టాలు, ఒక పిల్ల పదో తరగతి సర్టిఫికెట్టు కాలిపోయాయి. పెళ్లి కోసం దాచిన చీరలు బూడిదయ్యాయి. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. అలాంటి వాళ్లూ వచ్చారు చూడ్డానికి.

ఆ రాత్రి అందరూ బడి వరండాలో పడుకున్నారు. "అమ్మవారికి కోపం వచ్చింది" అన్నారు కొందరు. "మన ఖర్మ" అన్నారు మరికొందరు.

మూడో రోజున ఆఫీసు నుంచి ఒక గుమాస్తా వచ్చాడు. కాలిన ఇళ్లు లెక్క రాసుకున్నాడు. కాగితం మీద ఒక్కొక్కరినీ వేలిముద్ర వెయ్యమన్నాడు. ముందు మామ్మ వంతు వచ్చింది. మామ్మ వేలు చాపబోయింది. పక్కనే ఇడ్లీలు వేసి అమ్మే వదిన నిలబడి ఉంది. ఆమె రాత్రి బడిలో ఏడాదిగా చదువుతోంది.

"ఉండు మామ్మా. నువ్వూ బడికొస్తున్నావుగా. సంతకం చేద్దువుగాని. ముందు చదవనీ" అంది.

చదివింది. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. కాగితంలో "ప్రమాదానికి కారణం" అని ఉంది. దాని ఎదురుగా "కరెంటు షార్ట్ సర్క్యూట్" అని ఉంది.

వదిన ఆగిపోయింది. "అయ్యా, మంట మొదలైంది మామ్మ ఇంటి మీద. ఆ ఇంటికి కరెంటే లేదు. బిల్లు కట్టలేదని కోసేసి రెండు నెలలైంది. షార్ట్ సర్క్యూట్ ఎట్లా అయింది?" అని అడిగింది.

గుమాస్తా తల గోక్కున్నాడు. "మామూలుగా అదే రాస్తామమ్మా. కాదంటే మీరే చెప్పండి, ఏం రాయమంటారో. ఎల్లుండి ఆఫీసుకు రండి" అన్నాడు.

ఏం రాయాలి? ఆ రాత్రి బడిలో అదే పాఠం అయింది.

మంటకు కావలసినవి మూడు

పంతులమ్మ ఒక కొవ్వొత్తి వెలిగించింది. దాని మీద గాజు గ్లాసు బోర్లించింది. కాసేపటికి కొవ్వొత్తి ఆరిపోయింది. ఎందుకు ఆరింది? లోపలి గాలిలో మంటకు కావలసింది అయిపోయింది.

మంటకు మూడు కావాలి. ఒకటి తిండి. తాటాకు, కట్టె, గుడ్డ, నూనె, గ్యాసు, అన్నీ దానికి తిండే. రెండోది గాలి. మూడోది వేడి, అంటే మొదటి నిప్పు. మూడూ కలిస్తేనే మంట. ఒక్కటి తీసేస్తే మంట లేదు. నీళ్లు పోస్తే వేడి పోతుంది. మూత పెడితే గాలి పోతుంది. చుట్టుపక్కల చెత్త తీసేస్తే తిండి పోతుంది.

బాణలిలో నూనె అంటుకుందనుకోండి. నీళ్లు పోయకూడదు. పోస్తే నీళ్లు ఒక్కసారిగా ఆవిరై, మండే నూనెను మొహం మీదికి చిమ్ముతాయి. పొయ్యి ఆపి, మూత పెట్టాలి. అంతే. మూత వెంటనే తీసి చూడకూడదు. చల్లారనివ్వాలి.

మరి పేటలో తిండి ఏది? ఎండకు పెళపెళలాడే తాటాకు. గాలి సరే, వడగాలి. వేడి ఎక్కడిది? మొదటి నిప్పు ఎవరిది?

ఎవరూ మాట్లాడలేదు.

చాలాసేపటికి మామ్మ గొంతు విప్పింది. "పొద్దున పొయ్యిలో బూడిద తీశానమ్మా. చేత్తో ముట్టుకుంటే చల్లగానే ఉంది. ఇంటి వెనక కుప్ప మీద పోశాను. ఎప్పుడూ పోసే చోటే" అంది. ఆమె చేతులు వణికాయి. "నేనే పోశాను. పదకొండు కొంపలు నా వల్లే కాలాయి."

ఒకామె కోపంగా లేచింది. ఆమె కుట్టుమిషనే కాలిపోయింది. ఆ మిషను అప్పు ఇంకా తీరలేదు. ఆమె ఏదో అనబోయింది. వదిన ఆమె చెయ్యి పట్టుకుంది. "నువ్వు బూడిద ఎక్కడ పోస్తున్నావక్కా?" అని అడిగింది.

ఆమె కాసేపు చూసింది. "అక్కడే" అంది.

అందరూ అక్కడే పోస్తున్నారు. ఏళ్ల తరబడి పోస్తున్నారు. నివురు గప్పిన నిప్పు అని అందరూ అంటారు. ఎవరి మనసులోనో కోపం దాగి ఉంటే ఆ మాట అంటారు. అది నిజంగా పొయ్యి బూడిద గురించి చెప్పిన మాట అని మరిచిపోయారు. బూడిద పైపైన చల్లారుతుంది. లోపలి కణికెకు అదే దుప్పటి. గంటల తరబడి అది ఆరదు. గాలి వచ్చి నివురు ఎగరగొడితే కణిక మళ్లీ రాజుకుంటుంది. ఒక్క రవ్వ చాలు తాటాకుకు.

మర్నాడు పేట ఆడవాళ్లు ఇళ్లకు దూరంగా, కాలవ వైపు ఒక గుంత తవ్వారు. ఇప్పుడు బూడిద అందులోనే పోస్తున్నారు. పోశాక రెండు చెంబుల నీళ్లు పోస్తున్నారు. మొదటి రోజు చల్లగా ఉందనుకున్న బూడిద మీద నీళ్లు పోస్తే చుయ్యిమంది. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

కుంభకోణంలో ఏం జరిగింది?

తాటాకు కప్పు, కొబ్బరాకు కప్పు పేదల ఇళ్లకే ఉంటుందనుకోకూడదు. తమిళనాడులో కుంభకోణం అనే ఊరు ఉంది. అక్కడ ఒక ప్రైవేటు బడి ఉండేది. 2004 జులై 16న బడిలో మధ్యాహ్న భోజనం వండుతున్నారు. వంట చేసే చోట ఆకుల కప్పు ఉంది. పొయ్యి మంట కప్పుకు అంటుకుంది. పై అంతస్తులో తరగతి గదుల మీద కూడా ఆకుల కప్పే. చిన్నపిల్లలు అక్కడే ఉన్నారు. దిగడానికి మెట్లు ఇరుకు. 94 మంది పిల్లలు చనిపోయారు.

అది తెలిశాక దేశమంతా ఏడ్చింది. తమిళనాడులో బడుల మీద ఆకుల కప్పులు తీసేయమన్నారు. కారణం వెతికారు కాబట్టే ఆ పని జరిగింది. ఖర్మ అని ఊరుకుంటే కప్పులు అలాగే ఉండేవి.

మీ పిల్లలు చదివే బడికి, అంగన్‌వాడీకి వెళ్లినప్పుడు ఒకసారి చూడండి. వంట ఎక్కడ చేస్తున్నారు? పిల్లలు బయటికి రావడానికి ఎన్ని దారులు ఉన్నాయి? తలుపుకు తాళం వేసి ఉంటుందా? అడగడానికి సిగ్గుపడనక్కరలేదు.

షార్ట్ సర్క్యూట్ అంటే

గుమాస్తా రాసిన మాట పేటలో నిజం కాదు. కానీ బజారులో చాలాసార్లు అదే నిజం. ఆ టౌనులో కిందటేడు ఒక బట్టల కొట్టు కాలింది. అక్కడ కరెంటే కారణం. అయితే "షార్ట్ సర్క్యూట్" అని ఒక మాట అనేస్తే సరిపోదు. అది ఎందుకు అయింది?

కరెంటు రెండు తీగల్లో నడుస్తుంది. తీగల మీద తొడుగు ఉంటుంది. ఎలక కొరికినా, పాతబడి పగిలినా, మేకు దిగినా తొడుగు పోతుంది. రెండు తీగలు ఒకదానికొకటి తగులుతాయి. అప్పుడు కరెంటు ఒక్కసారిగా ఉరుకుతుంది. తీగ ఎర్రగా కాలుతుంది. పక్కన ఏముంటే అది అంటుకుంటుంది.

ఇలా కాకుండా ఫ్యూజు పెడతారు. ఫ్యూజులో సన్న తీగ ఉంటుంది. కరెంటు ఎక్కువైతే ముందు అది తెగాలి. అది తెగితే ఇల్లు దక్కుతుంది. కానీ మాటిమాటికీ తెగుతోందని విసుక్కుని కొందరు లావు తీగ చుడతారు. కుక్క అరుస్తోందని దాని మూతి కట్టేసి, తలుపు తీసుకుని పడుకున్నట్టు ఉంటుంది అది. ఇప్పుడు చాలా ఇళ్లలో ఫ్యూజు బదులు దానంతట అదే పడిపోయే మీట ఉంటుంది. ఆ మీట పదే పదే పడిపోతోందంటే ఎక్కడో తప్పు ఉందని అర్థం. కరెంటు పని తెలిసిన మనిషిని పిలవాలి.

బట్టల కొట్లో ఒకే బోర్డుకు ఫ్యాను, కూలరు, ఇస్త్రీ పెట్టె, సెల్‌ఫోన్లు అన్నీ తగిలించారు. వైరు సన్నది. రోజూ వేడెక్కేది. బోర్డు దగ్గర కాలిన వాసన వచ్చేది. అగరొత్తులు వెలిగించి ఆ వాసన పోగొట్టారు!

ప్లగ్గు వేడెక్కినా, బోర్డు నల్లబడినా, స్విచ్చి దగ్గర చిటచిటలాడినా అది కబురు పంపినట్టే. కరెంటు మంట మీద నీళ్లు పోయకూడదు. ముందు మెయిను ఆపాలి. తాటాకు కప్పులోంచి వైరు లాగకూడదు. లైను మీద కొక్కెం వేసి కరెంటు తీసుకుంటే రవ్వలు రాలతాయి. ప్రాణాలూ పోతాయి.

బజారులో మరికొన్ని ఉన్నాయి. కిరాణా కొట్లో సీసాల్లో పెట్రోలు అమ్ముతారు. మూత తీసిన పెట్రోలు నుంచి కంటికి కనపడని ఆవిరి వస్తుంది. దూరంగా బీడీ వెలిగించినా అది అందుకుంటుంది. చెత్తకుప్పలకు నిప్పు పెట్టి వెళ్లిపోతారు. దీపావళికి తారాజువ్వ వచ్చి గడ్డివాము మీద పడుతుంది. దోమల చుట్ట మంచం కింద పెడితే వేలాడే దుప్పటి అంటుకుంటుంది. దేవుడి దగ్గర దీపం పెట్టి, పైన పరదా వేలాడదీస్తారు. ఇవన్నీ అందరికీ తెలిసినవే.

గ్యాసు బండ

గ్యాసు గురించి మాత్రం తీరిగ్గా చదవాలి. 1999లో మన రాష్ట్రంలో దీపం పథకం కింద, 2016 నుంచి దేశమంతటా ఉజ్వల పథకం కింద ఎందరో ఆడవాళ్లకు గ్యాసు వచ్చింది. పొగ తగ్గింది. కళ్లమంటలు తగ్గాయి. గ్యాసు మంచిదే. కానీ దాని గుణం తెలియాలి.

వంట గ్యాసుకు అసలు వాసన ఉండదు. కారితే తెలియాలని ఆ చెడు వాసన కలుపుతారు. అది గాలి కంటే బరువు. పొగలాగా పైకి పోదు. నీళ్లలాగా కిందికి దిగుతుంది. నేల మీద పరుచుకుంటుంది. గుమ్మం కింద నుంచి, తూము దారిన పక్క గదిలోకీ పోతుంది.

ఇడ్లీల వదిన తెల్లవారుజామున నాలుగింటికి లేస్తుంది. ఒకరోజు లేవగానే వాసన వచ్చింది. ఆమె చెయ్యి లైటు స్విచ్చి మీదికి పోయింది. అక్కడే ఆగిపోయింది. పంతులమ్మ చెప్పింది గుర్తొచ్చింది. స్విచ్చి వేసినా, ఆపినా లోపల చిన్న రవ్వ పుడుతుంది. ఆ రవ్వ చాలు.

ఆమె చీకట్లోనే తడుముకుంటూ వెళ్లి రెగ్యులేటరు కట్టేసింది. తలుపులు, కిటికీలు బార్లా తెరిచింది. పిల్లల్ని లేపి బయటికి తీసుకుపోయింది. ఫోను కూడా ఇంట్లో వాడలేదు. బయటికి వెళ్లాక 1906కు చేసింది. గ్యాసు కారితే చెయ్యవలసిన నంబరు అది. వచ్చిన మనిషి చూసి, రబ్బరు గొట్టం బీటలు వారిందని చెప్పాడు. ఆ గొట్టం వేసి తొమ్మిదేళ్లయింది. ఐదేళ్లకొకసారి మార్చాలి. గొట్టం మీదే తేదీ ఉంటుంది. ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్న గొట్టమే కొనాలి.

గొట్టం కారుతోందని అనుమానం వస్తే అగ్గిపుల్ల గీసి చూడకూడదు. ఇప్పటికీ అలా చూసేవాళ్లున్నారు! సబ్బు నీళ్లు రాయాలి. బుడగలు వస్తే కారుతున్నట్టే. బండను నిలువుగానే పెట్టాలి. పొయ్యి బండ కంటే ఎత్తులో ఉండాలి. రాత్రి పడుకునే ముందు రెగ్యులేటరు కట్టాలి.

బండ మీద కూడా చదవవలసింది ఉంది. బండ మెడ చుట్టూ నిలువు పట్టీలు ఉంటాయి. ఒక పట్టీ లోపలి వైపు ఒక ఇంగ్లీషు అక్షరం, పక్కన రెండు అంకెలు రాసి ఉంటాయి. ఏ అంటే జనవరి నుంచి మార్చి. బీ అంటే ఏప్రిల్ నుంచి జూన్. సీ అంటే జులై నుంచి సెప్టెంబరు. డీ అంటే అక్టోబరు నుంచి డిసెంబరు. అంకెలు సంవత్సరం. డీ-28 అని ఉంటే 2028 డిసెంబరు లోపు ఆ బండను మళ్లీ పరీక్ష చేయించాలి. గడువు దాటిన బండ తెస్తే వద్దనవచ్చు. రాత్రి బడిలో ఆ నాలుగు ఇంగ్లీషు అక్షరాలు అందరూ నేర్చుకున్నారు. మర్నాడు బండ తెచ్చిన కుర్రాడికి పేటలో గంటసేపు పట్టింది!

ఒంటికి అంటుకుంటే

చీర కొంగు నడుముకు దోపుకుని వండాలి. నైలాను, పాలిస్టరు చీరలు కాలితే కరిగి ఒంటికి అతుక్కుంటాయి. వంట దగ్గర నూలు చీర మేలు. నూలు కూడా అంటుకుంటుంది, కానీ కరిగి అతుక్కోదు.

బట్టలు అంటుకుంటే పరుగెత్తకూడదు. పరుగెత్తితే గాలి తగిలి మంట పెరుగుతుంది. నేల మీద పడి దొర్లాలి. పక్కనున్నవాళ్లు నీళ్లు పోయాలి, లేదా మందపాటి నూలు దుప్పటి, కంబళి కప్పాలి.

కాలిన చోట మామూలు చల్లటి నీళ్లు ఇరవై నిమిషాలు ధారగా పోయాలి. ఐసు పెట్టకూడదు. వాచకముందే గాజులు, ఉంగరాలు తీసేయాలి. అతుక్కున్న గుడ్డ పీకకూడదు. సిరా, దోసెపిండి, పళ్లపొడి, పేస్టు ఏదీ రాయకూడదు. శుభ్రమైన గుడ్డ కప్పి ఆసుపత్రికి తీసుకుపోవాలి. 108కి ఫోను చేస్తే బండి వస్తుంది.

మంటలకు 101. ఫైరు వాళ్లు మంట ఆర్పినందుకు డబ్బు అడగరు. ఫోనులో ఏడవకుండా మూడు సంగతులు చెప్పాలి. ఏ ఊరు, ఏ వీధి, దగ్గరలో గుర్తు ఏమిటి. ఏం కాలుతోంది. లోపల మనుషులున్నారా. ఒకరు రోడ్డు మీదికి వెళ్లి నిలబడాలి. దారిలో ఆటో ఉంటే తీయించాలి.

స్టవ్ పేలింది

టీ కొట్టు అత్త అంతవరకూ మాట్లాడలేదు. చివరికి ఆమె ఒక పాత సంగతి చెప్పింది. అప్పట్లో అందరి ఇళ్లలో కిరోసిన్ స్టవ్‌లే. వాళ్ల వీధిలో ఒక కొత్త కోడలు కాలి చనిపోయింది. "స్టవ్ పేలింది" అన్నారు. అందరూ అయ్యో అన్నారు.

"నేను ఆ వంటింట్లోకి వెళ్లానమ్మా. స్టవ్ చెక్కుచెదరకుండా ఉంది. గోడకు మసి లేదు. పిల్ల మటుకు నిలువునా కాలింది. కట్నం బాకీ ఉందని అత్తగారు రోజూ సాధించేది. నాకు తెలుసు. ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు" అంది అత్త.

కిరోసిన్ స్టవ్‌లు నిజంగా మండిపోవడం ఉంది. కిరోసిన్‌లో పెట్రోలు కలిపినా, వెలుగుతుండగా నూనె పోసినా ప్రమాదమే. కానీ ఆ మాట చాటున ఎన్నో చావులు దాచారు. ఇప్పుడు స్టవ్ బదులు గ్యాసు పేరు చెప్పవచ్చు. చనిపోయేది ఎప్పుడూ కోడలేనా? అత్త, మామ, మొగుడు ఎందుకు కాలరు? అక్కడ కూడా కారణం అడగాలి.

పెళ్లయిన ఏడేళ్లలోపు ఆడపిల్ల కాలి చనిపోయి, చావుకు కొద్ది ముందు కట్నం కోసం వేధించారని తేలితే చట్టం దాన్ని వరకట్న చావుగా చూస్తుంది. 1986లో ఈ చట్టం వచ్చింది. అప్పుడు అది 304-బి సెక్షను. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 80వ సెక్షను. శిక్ష ఏడేళ్లకు తగ్గదు. యావజ్జీవం దాకా పడవచ్చు. కాలిన మనిషికి మాట ఉంటే ఆమె చెప్పింది మేజిస్ట్రేటు రాసుకుంటారు. ఆ సమయంలో అత్తింటివాళ్లు పక్కన ఉండకూడదు. చావు దాకా ఆగనక్కరలేదు. వేధింపు మొదలైనప్పుడే 181కి ఫోను చేయవచ్చు.

కాగితం

చెప్పిన రోజున పేట ఆడవాళ్లు ఆఫీసుకు వెళ్లారు. దారిలో మామ్మ రెండుసార్లు ఆగింది. "బూడిద అని రాస్తే సాయం ఇవ్వరేమో. నన్ను జైల్లో పెడతారేమో" అంది.

వదినకు కూడా లోపల భయంగానే ఉంది. అయినా ఆఫీసరును ఆమే అడిగింది. జరిగింది జరిగినట్టు చెప్పింది.

ఆఫీసరు విన్నాడు. "ఎవరూ కావాలని తగలబెట్టలేదు కదా. ప్రమాదం ప్రమాదమే. ఇళ్లు కాలాయి, సాయం రాస్తాం" అన్నాడు. గుమాస్తాను పిలిచి కాగితం మార్చమన్నాడు.

"అయ్యా, ఇంకొకటి కూడా రాయండి. ఫైరింజను పట్టే దారి లేదని" అంది కుట్టుమిషను ఆమె.

గుమాస్తా రాసి ఇచ్చాడు. మామ్మ కాగితం తీసుకుంది. కళ్లకు దగ్గరగా పెట్టుకుంది. వేలు అక్షరాల మీద పెట్టి జరుపుతూ పోయింది. "బూ... డి... ద..." అని చదివింది. తరువాతి వరుస కూడా చదివింది. అప్పుడు కలం అడిగింది.